ఆరు నెలలు కనిపించొద్దంటున్నారు... ఒప్పుకోవాలా?

పేరు వద్దన్న ఓ పాఠకురాలు పొడవాటి ఉత్తరం రాశారు. క్లుప్తంగా సంగతి ఇది.

ఆమెకు 43 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు, చేసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు కూడా. కాలేజీ నాటి స్నేహితురాలిని గర్భంతో ఉండగా భర్త వదిలేసి వెళ్లిపోతే ఈమే తన ఇంటికి తీసుకొచ్చారు. కాస్త కుదురుకునేదాకా అనుకున్నది తొమ్మిదేళ్లు దాటింది. పుట్టినప్పటి నుంచీ బాబు ఈమె దగ్గరే పెరిగాడు, పెద్దమ్మా అని పిలుస్తాడు. తల్లిది షిఫ్టుల ఉద్యోగం. అందుకని పొద్దున్నే లేపి స్కూలుకు తయారుచేయడం, హోంవర్క్, రాత్రి పడుకోబెట్టడం చాలావరకు ఈమె పనే. బాబుకు ఉబ్బసం ఉంది. అర్ధరాత్రి లేచి వాడి ఛాతీకి చెవి పెట్టి పిల్లికూతలు వినబడుతున్నాయేమో చూడటం ఆమెకు అలవాటైపోయింది. ‘మా ఇద్దరిదీ స్నేహమే. ఇంకేదో ఉందనుకునేవాళ్లకు సంజాయిషీ ఇవ్వడం ఎప్పుడో మానేశాం’ అని రాశారు. నాలుగేళ్ల క్రితం ఇద్దరి పేరా లోన్ తీసుకుని ఫ్లాట్ కొన్నారు.

ఇప్పుడు స్నేహితురాలు మళ్లీ పెళ్లి చేసుకుంటోంది. ఆయనకూ విడాకులయ్యాయి, 13 ఏళ్ల కూతురుంది. ఆ అమ్మాయి శని ఆదివారాలు తల్లి దగ్గరికి వెళ్లొస్తుంది. మనిషి మంచివాడేనని ఈమే అంటున్నారు. కానీ ఆయన ఓ రోజు, ‘బాబు మాకు అలవాటు పడాలి కదా, ఆరు నెలలు మీరు రాకుండా, ఫోన్ చేయకుండా ఉంటే బాగుంటుంది. ఆ తర్వాత మీ ఇష్టం’ అన్నారు. పక్కనే ఉన్న స్నేహితురాలు ‘కొన్నాళ్లే కదా’ అని ఊరుకుంది. ‘పరాయి పిల్లాడి కోసం ఇన్నేళ్లు పోగొట్టుకున్నావు, ఇకనైనా నీ బతుకు చూసుకో’ అని తమ్ముడు అంటున్నాడు. బాబు మాత్రం, ‘మరి గురువారం లెక్కల హోంవర్క్ ఎవరు చేయిస్తారు?’ అని అడిగాడు. ఆమె ఏమీ చెప్పలేకపోయారు.

ఆమె అడుగుతున్నది: నాకు ఏ హక్కూ లేదా? ఆరు నెలలకు ఒప్పుకోవాలా? పూర్తిగా తప్పుకోవడమే మేలా? చివర్లో ఒకసారి కొట్టేసి మళ్లీ రాసిన వాక్యం ఒకటుంది: ‘అసలు మాది కుటుంబమేనా, నేనొక్కదాన్నే అలా అనుకున్నానా?’

సమాధానం:

ఆ కొట్టేసిన ప్రశ్నతోనే మొదలుపెడతానమ్మా. అది తేలకపోతే మిగతావి అడగడానికి మీకు నోరు రాదు. ఉత్తరం పొడుగునా ‘అడగడానికి నేనెవరిని’ అన్న సంకోచమే కనబడింది.

జార్జ్ మర్డాక్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 250 సమాజాల వివరాలు పోగేసి, 1949లో కుటుంబానికి ఓ నిర్వచనం కట్టాడు. ఒకే చోట ఉండాలి, సంపాదనా ఖర్చూ కలిసి నడుపుకోవాలి, సమాజం ఒప్పుకున్న దాంపత్యంలో ఉన్న ఆడా మగా ఉండాలి, పిల్లలుండాలి. మీ ఇల్లు మొదటి రెండిట్లో నెగ్గి మూడో దాంట్లో తప్పింది. ఆ లెక్కన ఒంటరి తల్లి ఇల్లూ తప్పుతుంది, అమ్మమ్మ ఒక్కతే మనవణ్ని పెంచుకుంటున్న ఇల్లూ తప్పుతుంది. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో తల్లీ తండ్రీ పిల్లలూ మాత్రమే ఉన్న ఇళ్లు 38 శాతం. ఇతర బంధువులతో కలిసి ఉన్నవి 27 శాతం, ఒంటరి తల్లో తండ్రో నడిపేవి 8 శాతం. అందరూ ‘మామూలు కుటుంబం’ అనుకునేది సగానికి కూడా రాదు.

అయినా ఈ లెక్కల్లో మీరు ఎక్కడా కనబడరు. ఎవరైనా ఫారం పట్టుకుని మీ గుమ్మంలోకి వస్తే ఏం రాసుకుంటారు? ఒంటరి తల్లి, ఆమె బిడ్డ, బంధువు కాని మరొకరు. అర్ధరాత్రి పిల్లికూతలు వింటున్నది ఆ మరొకరేనని రాయడానికి ఆ ఫారంలో గడి ఉండదు.

పిల్లలు ఫారం చూసి మనుషుల్ని ఎంచుకోరు. రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని గమనించి 1964లో ఓ అధ్యయనం ప్రచురించారు. ఏడాదిన్నర వయసొచ్చేసరికి చాలామంది పిల్లలు ఒక్క తల్లితోనే కాదు, ఇద్దరు ముగ్గురితో గట్టి బంధం పెంచుకున్నారు. అన్నం పెట్టి నీళ్లు పోసేవాళ్లనే పట్టుకోలేదు, తాము పిలిస్తే పలికేవాళ్లను పట్టుకున్నారు. తొమ్మిదేళ్లుగా మీరు పలుకుతున్నారు. కాబట్టి మీది కుటుంబమే. మీకు ఊరటగా ఉంటుందని ఈ మాట అనడం లేదు. బాబు మనసులో ఉన్న లెక్క ఇదే కనుక, ఇకపై ఏ నిర్ణయం తీసుకున్నా దీన్ని పక్కన పెట్టడానికి లేదు.

హక్కు విషయంలో మాత్రం తీపి మాటలు చెప్పలేను. దత్తతగానీ కోర్టు ఇచ్చిన సంరక్షణ బాధ్యతగానీ లేనప్పుడు, ఎన్నేళ్లు పెంచినా ఆ పెంపకం ఒక్కటే మీకు బాబు మీద చట్టపరమైన హక్కు ఇవ్వడం చాలాచోట్ల కుదరదు. చట్టాలు కదలడం లేదని కాదు. పిల్లవాడికి నష్టం జరుగుతుందనుకుంటే ఇద్దరికి మించి తల్లిదండ్రుల్ని గుర్తించే వీలు కాలిఫోర్నియాలో 2014 నుంచి ఉంది. భారత సుప్రీంకోర్టు ముందుకు 2022లో ఓ నర్సు కేసు వచ్చింది. భర్త మొదటి పెళ్లి పిల్లలు ఇద్దరున్నారన్న కారణంతో, ఆమె కన్న తొలి బిడ్డకు ప్రసూతి సెలవు ఇవ్వలేదు. కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. కుటుంబాలన్నీ ఒకే మూసలో ఉండవని, ఆ మూసలో పట్టని కుటుంబాలకూ చట్టం రక్షణ దక్కాలని చెప్పింది. మంచి మాటే. కానీ అది సెలవు దగ్గర తేలిన మాట, రేపు మీరు బాబును చూడటానికి అక్కరకు రాదు.

మీకు దగ్గరగా ఉండే కేసు ఇంకొకటుంది, అది మీకు నచ్చదు. కొడుకు చనిపోయాక మనవరాళ్లను ఎక్కువసార్లు చూడాలని ఓ తాతా నాయనమ్మా అమెరికాలో కోర్టుకెళ్లారు. కేసు నడుస్తుండగా తల్లి వేరే ఆయన్ని పెళ్లి చేసుకుంది. అసలు చూడొద్దని ఆమె అనలేదు, తగ్గించుకోండి అంది. 2000లో అక్కడి సుప్రీంకోర్టు తల్లి పక్షానే నిలిచింది. పిల్లల్ని సరిగ్గా చూసుకుంటున్న తల్లి నిర్ణయానికి ప్రత్యేకమైన విలువ ఇవ్వాలంది. సొంత నాయనమ్మ పరిస్థితే అది. కోర్టు దారి మీకు పూర్తిగా మూసుకుపోయిందని నేననను. మీరుండే చోట చట్టం ఏమంటుందో ఓ మంచి లాయరును ఒక్కసారి అడిగి తెలుసుకోండి, తెలుసుకోవడంలో తప్పు లేదు. కానీ నోటీసు వెళ్లిన రోజున స్నేహితురాలు మీకు ఎదుటి పక్షం అయిపోతుంది. మీరు బాబును చేరుకోవాలంటే ఉన్న తలుపు ఆమే. గెలిచినా ఆ తలుపు తట్టే వెళ్లాలి.

సరే, ఆరు నెలలు. ఆయన ఉద్దేశం చెడ్డదని నాకూ అనిపించలేదు, కానీ ఈ ఆలోచన పనిచేయదు. పెద్దవాళ్లకు ఆరు నెలలంటే ఓ లోన్‌కు ఆరు వాయిదాలు. తొమ్మిదేళ్లవాడికి అది ఓ చదువుల సంవత్సరంలో సగానికి పైనే. పైగా అదే సమయంలో ఇల్లు మారుతుంది, కొత్త నాన్న, కొత్త అక్క వస్తారు, బహుశా స్కూలూ మారొచ్చు. అన్నీ మారుతున్నప్పుడు మారకుండా ఉన్న ఒక్క మనిషిని కూడా తీసేస్తే, వాడు కొత్తవాళ్లకు అలవాటు పడతాడా, ఉన్నవాళ్లు కూడా చెప్పకుండా వెళ్లిపోతారని నేర్చుకుంటాడా? ఈ వయసు పిల్లలు ఇలాంటివి తమ నెత్తిన వేసుకుంటారు. నేనేదో తప్పు చేశాను కాబట్టే పెద్దమ్మ రావడం లేదు అనుకుంటారు. మీరు మౌనంగా ఒప్పుకుంటే ఇప్పటికి గొడవ ఉండదు, పెళ్లి సజావుగా జరిగిపోతుంది. దాని ఖరీదు మాత్రం బాబు కడతాడు.

ఇక్కడో విచిత్రం చెప్పాలి. కన్నా కనకపోయినా రోజూ చూసుకునే మనిషే పిల్లవాడి మనసుకు తల్లి లేదా తండ్రి అన్న వాదాన్ని 1973లో బలంగా ముందుకు తెచ్చిన ముగ్గురిలో సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు అనా ఫ్రాయిడ్ ఒకరు. అదే ముగ్గురూ, విడాకుల తర్వాత బిడ్డ ఎవరి దగ్గరుంటే అవతలివాళ్లు రావొచ్చో లేదో వాళ్లే తేల్చాలని కూడా వాదించారు. ఒక ఇల్లు ప్రశాంతంగా ఉంటే చాలు, రాకపోకలు బిడ్డను గందరగోళపెడతాయని వాళ్ల భయం. ఆ రెండో వాదం మీద తర్వాతి కాలంలో గట్టి విమర్శలే వచ్చాయి. మీ స్నేహితురాలి కాబోయే భర్త భయమూ ఇదే తరహాది. అంత పెద్దవాళ్లే అలా అనుకున్నప్పుడు, ఆయన అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన్ని మూర్ఖుడి కింద జమకట్టకండి.

ఆయన స్థానంలో ఓసారి కూర్చుని చూడండి. పాట్రీషియా పేపర్‌నౌ అనే మనస్తత్వవేత్త ఇలా రెండో పెళ్లితో కలిసిన కుటుంబాల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. కొత్తగా వచ్చిన మనిషి ఆ ఇంట్లో బయటివాడిగానే ఇరుక్కుపోవడం అక్కడ మొదటి చిక్కు అంటారామె. తల్లీ బిడ్డా నవ్వుకునే జోకు ఆయనకు అర్థం కాదు. ఇక్కడ తల్లీ బిడ్డా మాత్రమే కాదు, మీరూ ఉన్నారు. బాబు ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో, దేనికి అలుగుతాడో ఆయన కంటే మీకు తెలుసు. మీరు గదిలోకి రాగానే ఆయన మళ్లీ అతిథి అయిపోతారు. ఆరు నెలల షరతు వెనక ఉన్నది అదేనని నా అనుమానం. దానికి విరుగుడు మీరు మాయమవడం కాదు, ఆయనకు తెలియనివి ఆయన చేతికి అందించడం.

ఇన్‌హేలర్ సంగతే చూడండి. రోజూ పీల్చాల్సింది ఒకటి, ఆయాసం వచ్చినప్పుడు పీల్చాల్సింది ఒకటి. కొత్తవాళ్లు చేసే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే: దగ్గు లేదు, ఆయాసం లేదు, ఇంకెందుకని రోజూ పీల్చేది ఆపేస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత ఓ రాత్రి ఆసుపత్రికి పరుగు. ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టాన్ని, అదే స్పేసర్‌ను, పెదాల మధ్య ఎలా బిగించాలి, పీల్చాక నోరు ఎందుకు పుక్కిలించాలి, బాబు ఏ ధోరణిలో మాట్లాడితే ఆయాసం మొదలవబోతోందని గుర్తుపట్టాలి. ఇవి కాగితం మీద రాసి పంపకండి. ఆయన్ని కూర్చోబెట్టి, బాబు ఎదుటే, మీ చేతుల మీదుగా చూపించండి. పెద్దమ్మ నాకు సంబంధించిన పని ఈయనకు అప్పగిస్తోంది, అంటే ఈయన్ని నమ్మొచ్చు అని బాబుకు అర్థమవుతుంది. మీ చేతి నుంచి అందితే ఆయన ఆరు నెలల్లో సంపాదించలేని చనువు ఆ అరగంటలో మొదలవుతుంది. ఈ సంగతి ఆయనకూ అర్థమయ్యేలా చెప్పండి: మీరు దూరంగా ఉంటే ఆయన మీకు పోటీ అవుతారు, మీరు దగ్గరుండి అప్పగిస్తే మీ తరఫు మనిషి అవుతారు.

ఆయన దగ్గర ఇంకో అనుభవమూ ఉంది, మీరు దాన్ని గమనించినట్టు లేరు. ఆయన కూతురు శని ఆదివారాలు ఇంకో ఇంటికి వెళ్లొస్తోంది. ఇద్దరు పెద్దవాళ్లు వేర్వేరు ఇళ్లలో ఉండి ఒకే బిడ్డను పెంచడం ఎలాగో ఆయనకు మనలో చాలామంది కంటే బాగా తెలుసు. ‘మీ అమ్మాయికి ఒప్పుకున్నారే, వీడికి ఎందుకు ఒప్పుకోరు’ అని నిలదీయొద్దు. అలా అడిగితే ఆయన మొండికేస్తారు. ‘మీ అమ్మాయి అటూ ఇటూ తిరగడం మొదట్లో ఎలా సర్దుకుంది? ఏం పనిచేసింది, ఏం చేయలేదు?’ అని సలహాగా అడగండి. సమాధానం చెబుతూ చెబుతూ ఆయనే సగం దారి నడిచి వస్తారు.

అప్పుడు మీరు అడగాల్సింది పెద్దది కాకూడదు, అస్పష్టంగానూ ఉండకూడదు. ‘అప్పుడప్పుడూ వస్తుంటాను’ అనేది అందరికీ ఇబ్బంది. ఆయన ఎప్పుడొస్తారో అని కాచుకుంటారు, బాబు ఎప్పుడొస్తుందో అని కాచుకుంటాడు. గురువారం అడగండి. సాయంత్రం రెండు గంటలు, లెక్కల హోంవర్క్. మొదటి కొన్ని వారాలు మీ ఇంట్లోనే పెడితే ఆయన ఇంట్లో మీ నీడ పడదు. ఇంకో రోజు పది నిమిషాల ఫోన్. బాబును క్రమశిక్షణలో పెట్టడం, ఏం కొనివ్వాలి, ఏ స్కూలు లాంటి నిర్ణయాల్లో వేలు పెట్టనని మీరే ముందు చెప్పండి. అలాగే స్కూలు నుంచి తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో, అత్యవసరంలో ఫోన్ చేయాల్సినవాళ్ల జాబితాలో మీ పేరు ఉంచమని తల్లిని కాగితం మీద అడగండి. తల్లి సంతకం చేసిన చిన్న అనుమతి పత్రం ఒకటి ఉంటే, అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటర్ దగ్గర ‘మీరేమవుతారు?’ అన్న ప్రశ్నకు తడుముకోనక్కర్లేదు. హక్కు లేకపోయినా అనుమతి సంపాదించుకోవచ్చు.

ఇందులోనూ నష్టం ఉంది, దాచను. రోజూ ఉన్న మనిషి వారానికి ఓ సాయంత్రానికి కుదించుకోవడం కొన్నిసార్లు పూర్తిగా లేకపోవడం కంటే కష్టంగా ఉంటుంది. రెండు గంటలయ్యాక వాణ్ని గుమ్మం దాకా దిగబెట్టి వెనక్కి తిరగాలి, ప్రతి వారం. ఓ రోజు వాడే ‘ఈ గురువారం వద్దు పెద్దమ్మా, అక్కతో సినిమాకెళ్తున్నాం’ అనొచ్చు. అప్పుడు మొహం మాడ్చుకోకుండా సరేననగలరా అన్నది మీరే ఆలోచించుకోవాలి. తట్టుకోలేననిపిస్తే పూర్తిగా తప్పుకునే దారి ఉంది, అదీ గౌరవమైన దారే. ఆ దారే ఎంచుకుంటే చెప్పి వెళ్లండి. ఏ రోజు నుంచి రారో, ఎందుకో, వాడి తప్పేమీ లేదని వాడికి ఎదురుగా కూర్చుని చెప్పి వెళ్లండి. చెప్పకుండా మాయమవడం మాత్రం నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను.

ఇంతసేపూ ఆయన గురించే మాట్లాడాం. నిజానికి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ స్నేహితురాలు. అంత పెద్ద ఉత్తరంలో ఆమె నోటి నుంచి వచ్చింది ‘కొన్నాళ్లే కదా’ అన్న ఒక్క ముక్క. ఆయనేమన్నారో ఉంది, తమ్ముడేమన్నాడో ఉంది, బాబేమన్నాడో ఉంది. తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషి ఏమనుకుంటోందో లేదు. మీరు అడగలేదని అర్థమవుతోంది. ఏం వినాల్సి వస్తుందోనని భయమా? ఆమెకూ భయాలుండే ఉంటాయి. ఈ పెళ్లి కూడా నిలవకపోతే ఎలా అన్నది ఒకటి. బాబుకు తన కంటే మీరే ఎక్కువ అన్నది ఇంకొకటి కావచ్చు. షిఫ్టులు చేసి ఇంటికొచ్చేసరికి పిల్లాడు వేరే మనిషి పక్కలో నిద్రపోవడం ఏ తల్లికీ ఒట్టి కృతజ్ఞతే మిగల్చదు. కాబట్టి ఆయనతో మాట్లాడే ముందు ఆమెతో మాట్లాడండి, ఆయన లేనప్పుడు. ‘నువ్వేమంటావు?’ అని అడిగి ఆగండి. ఆమె ఆరు నెలలే కావాలని తనంతట తాను గట్టిగా అంటే, మీరు తల వంచక తప్పదు. అప్పుడు కూడా పూర్తి నిశ్శబ్దానికి బదులు వారానికో ఉత్తరమో వాయిస్ మెసేజో తల్లి చేతుల మీదుగా బాబుకు చేరేలా ఒప్పించగలిగితే అది చిన్న విషయం కాదు.

బాబును కూడా అడగాలి, అయితే ఎంచుకోమని కాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 12వ అధికరణం, పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల అభిప్రాయం వినాలని, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలని చెబుతుంది. వినడం వేరు, భారం వాడి మీద పెట్టడం వేరు. ‘నీకు నేను కావాలా, కొత్త నాన్న కావాలా’ అనే అర్థం వచ్చే మాట ఒక్కటి కూడా మీ నోట రాకూడదు. తల్లీ మీరూ ఇద్దరూ కలిసి కూర్చుని చెప్పండి: ‘నువ్వు అమ్మతో కొత్త ఇంటికి వెళ్తున్నావు. నేను ఇక్కడే ఉంటాను. గురువారం లెక్కలు నేనే చేయిస్తాను. నీకు అంకుల్ నచ్చితే నాకు సంతోషమే, నేనేమీ అనుకోను.’ ఆ ఆఖరి మాట వదిలేయకండి. మీరు నొచ్చుకుంటారని ఆయనతో నవ్వడానికి కూడా వెనకాడే పిల్లలుంటారు.

మీ తమ్ముడి మాట మిమ్మల్ని ఎంత గుచ్చిందో తెలుస్తోంది. ‘పోగొట్టుకున్నావు’ అన్నది అతని లెక్క, దాంతో వాదించి లాభం లేదు. కానీ ‘నీ సంగతి చూసుకో’ అన్నదాన్ని కొట్టిపారేయకండి. సమాజం గుర్తించని దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో రాశారు. చావు ఇంటికి వచ్చినట్టు మీ ఇంటికి ఎవరూ పరామర్శకు రారు, ఆఫీసులో సెలవు అడగడానికి కారణం దొరకదు. అలాంటి దుఃఖం మామూలుగా తగ్గదు, ఎందుకంటే దాన్ని ఎవరి ముందూ పెట్టుకోలేరు. ఒక్క మనిషినైనా ఎంచుకుని ఉన్నదున్నట్టు చెప్పుకోండి. కౌన్సెలర్ అయినా సరే.

మిగిలింది ఫ్లాట్. లోన్ ఇద్దరి పేరా ఉంది కాబట్టి ఎవరు ఉంచుకుంటారు, వాయిదాలు ఎవరు కడతారు, బీమాలో నామినీగా ఒకరి పేరు ఒకరు పెట్టుకుని ఉంటే మార్చాలా అన్నవి పెళ్లికి ముందే కాగితాల మీద తేల్చుకోండి. బాబు సంగతి మాట్లాడే రోజున మాత్రం ఫ్లాట్ ఊసు ఎత్తకండి. రెండూ కలిస్తే, గురువారం కోసం మీరు వాటా వదులుకుంటున్నారనో, వాటా కోసం గురువారాన్ని అడ్డం పెడుతున్నారనో ఎవరో ఒకరికి అనిపిస్తుంది. ముందు బాబు సంగతి తేలనివ్వండి, తర్వాతి వారం బ్యాంకుకు వెళ్లండి.